క్రిప్టోకరెన్సీ పెట్టుబడులలో నష్టభయం

క్రిప్టోకరెన్సీ పెట్టుబడులలో నష్టభయం అనగా బిట్‌కాయిన్, ఈథర్ మొదలైన గూఢలిపి నాణేలలో సొమ్ము పెట్టినవారు ఆ సొమ్మును పూర్తిగా గాని, కొంత భాగము గాని పోగొట్టుకొనుటకు గల అవకాశము. ఈ పెట్టుబడులను స్థూలముగా రెండు విధములుగా చెప్పుట వాడుకలో ఉన్నది. తక్కువ కాలములో ఎన్నో రెట్లు పెరుగునన్న ఆశతో చిన్న నాణేలు కొనుట, అప్పు మీద వ్యాపారము చేయుట సాహస మార్గము. పెద్ద నాణేలను కొద్దికొద్దిగా కొని చాలాకాలము ఉంచుకొనుట, మిగిలిన సొమ్మును బ్యాంకులలోను పోస్టాఫీసులలోను ఉంచుట జాగ్రత్త మార్గము. అయితే క్రిప్టోకరెన్సీలో జాగ్రత్త మార్గము కూడా బ్యాంకు డిపాజిట్టు వలె భద్రమైనది కాదు. ఈ రెండింటి మధ్య భేదము నష్టము వచ్చునా రాదా అన్నదానిలో కంటే, వచ్చిన నష్టమును కుటుంబము తట్టుకొనగలదా లేదా అన్నదానిలోనే ఎక్కువగా ఉన్నది.

పల్నాటి నేపథ్యము

పల్నాడు ప్రాంతములో పెట్టుబడి, నష్టభయము అన్న మాటలు కొత్తవి కావు. ఉదాహరణకు బొల్లాపల్లి మండలము వినుకొండ శాసనసభ నియోజకవర్గములో, నల్లమల అంచున ఉన్నది. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా నుండి ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఇది ఒక భాగము. ఇక్కడ మెట్ట పొలములు ఎక్కువ. వానను గాని, బోరును గాని నమ్ముకొని రైతులు ప్రత్తి, మిరప, కంది వేస్తారు. వీటిలో కందికి పెట్టుబడి తక్కువ, రాబడి కూడా మితమే. మిరపకు విత్తనము, నారు, ఎరువులు, పురుగుమందులు, కోత కూలి కలిపి పెట్టుబడి చాలా ఎక్కువ. ధర పలికిన ఏడాది అప్పులు తీరి పిల్లల చదువుకు మిగులుతుంది. పలకని ఏడాది కౌలు సొమ్ము కూడా చేతికి రాదు.

గుంటూరు మిర్చి యార్డు ధరలే ఇందుకు సాక్ష్యము. 2017 వేసవిలో ధర ఎంతగా పడిపోయినదనగా కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 5,000 రూపాయలు ప్రకటించవలసి వచ్చినది. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను దెబ్బ తీసినది. ఆ తరువాత 2023లో మేలు రకములకు క్వింటాలు 20,000 రూపాయలు దాటి పలికినది. 2025 ఫిబ్రవరికి మరల ధర పడగా కేంద్రము 11,781 రూపాయల మార్కెట్ జోక్య ధరను నిర్ణయించినది. అందుచేత ఒడిదుడుకులు అనగానేమో ఈ ప్రాంతపు విద్యార్థికి వేరుగా చెప్పనక్కరలేదు. కాని మిరపకు, నాణెమునకు ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. మిరపను ఎంత ధరకైనా వంటకు కొనేవారు ఉంటారు. వెనుక ఏ వాడుకా లేని నాణెమునకు కొనేవాడు లేని రోజు దాని విలువ సున్న.

నాణేలలో రకములు

బిట్‌కాయిన్ గురించిన ప్రతిపాదన పత్రము 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అన్న మారుపేరుతో వెలువడినది. మొదటి బ్లాకు 2009 జనవరి 3న ఏర్పడినది. మొత్తము నాణేలు 2.1 కోట్లకు మించకుండునట్లు దాని నియమములలోనే పరిమితి ఉన్నది. కొత్త నాణేల జారీ సుమారు నాలుగేండ్లకు ఒకసారి సగమునకు తగ్గుతుంది. 2024 ఏప్రిల్‌లో జరిగిన నాలుగవ తగ్గింపుతో ఒక్కొక్క బ్లాకుకు లభించునది 3.125 నాణేలు అయినది. ఈథర్ అన్నది 2015 జులైలో ప్రారంభమైన ఇథీరియమ్ అను వ్యవస్థకు చెందిన నాణెము. ఈ రెండింటికి కొనువారు, అమ్మువారు ప్రపంచమంతటా ఉన్నందున ఏ సమయములోనైనా అమ్ముకొనుట సులభము. జాగ్రత్త మార్గమును కోరువారు సాధారణముగా ఈ రెండింటినే ఎంచుకొనుటకు కారణము ఇదే. 2024 జనవరి 10న అమెరికా నియంత్రణ సంస్థ బిట్‌కాయిన్‌ను నేరుగా కలిగి ఉండే నిధులను అనుమతించుటతో అక్కడి పెద్ద సంస్థలు కూడా ఇందులో ప్రవేశించినవి.

వీటి తరువాత వేల సంఖ్యలో చిన్న నాణేలు ఉన్నవి. కొన్నింటి వెనుక నిజమైన సాంకేతిక ప్రయత్నము ఉన్నది. చాలావాటి వెనుక ఒక బొమ్మ, ఒక హాస్యపు పేరు, కొంత ప్రచారము తప్ప మరేమియు లేదు. ఇట్టి నాణెము రోజున పది శాతము పెరిగినట్లు తెరపై కనిపించినను, ఆ ధరకు పెద్ద మొత్తము అమ్మబోతే కొనేవారు దొరకరు. యార్డులో ఒక్క టిక్కీకి పలికిన ధరను చూసి కోల్డ్ స్టోరేజిలో ఉన్న సరుకంతటికీ లెక్క కట్టుకొనుట వంటిది ఇది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది అప్పు మీద వ్యాపారము. ఫ్యూచర్స్ ఒప్పందములలో పదివేల రూపాయలు చూపి లక్ష రూపాయల విలువకు బేరము ఆడవచ్చును. ధర 10 శాతము పెరిగితే సొమ్ము రెట్టింపు అగును. 10 శాతము తగ్గితే ఎక్స్చేంజి ఆ బేరమును తనంతట తానే మూసివేయును, పెట్టిన సొమ్మంతా పోవును. తరువాత ధర మరల పెరిగినను ప్రయోజనము లేదు. 2020 మార్చి 12న బిట్‌కాయిన్ ఒక్క రోజులో దాదాపు 40 శాతము పడినది. 2025 అక్టోబరు 10న వచ్చిన పతనములో ఒక దినములోనే సుమారు 1,900 కోట్ల డాలర్ల విలువ గల బేరములు ఇట్లు మూసివేయబడినవి. నాణెము దీర్ఘకాలములో పెరుగునన్న ఊహ నిజమైనను, అప్పు మీద ఆడినవాడు ఆ దీర్ఘకాలము వరకు ఆటలో ఉండడు.

పతనముల లెక్క

బిట్‌కాయిన్ ధర 2013 చివర 1,100 డాలర్లు దాటి, 2015 ఆరంభమునకు 200 డాలర్ల దరికి వచ్చినది. 2017 డిసెంబరులో 20,000 డాలర్లకు చేరువై, ఏడాది తిరుగకుండానే 3,200 డాలర్లకు పడినది. 2021 నవంబరులో 69,000 డాలర్ల వరకు పోయి, 2022 నవంబరులో 16,000 డాలర్లకు దిగువన నిలిచినది. 2024 డిసెంబరులో మొదటిసారి లక్ష డాలర్లు దాటినది. 2025 అక్టోబరులో 1,26,000 డాలర్లను మించి మరల తగ్గినది.

ఈ అంకెలలో పాఠకులు సాధారణముగా మొదటి ధరను, చివరి ధరను మాత్రమే చూస్తారు. గమనించవలసినది మధ్య కాలము. శిఖరము వద్ద కొన్నవాడు తన అసలు తిరిగి చూచుటకు మొదటిసారి సుమారు మూడేండ్లు, రెండవసారి మూడేండ్లు, మూడవసారి రెండేండ్ల నాలుగు నెలలు ఆగవలసి వచ్చినది. ఈథర్ విషయములో 2021 నవంబరు నాటి గరిష్ఠ ధర మరల కనిపించినది 2025 ఆగస్టులో. జూన్‌లో విత్తనములు కొనవలసిన ఇంటికి, ఆగస్టులో కళాశాల రుసుము కట్టవలసిన ఇంటికి మూడేండ్లు ఆగుట సాధ్యము కాదు. కాబట్టి ఒకే నాణెము, ఒకే ధర, ఒకరికి జాగ్రత్త పెట్టుబడి, మరొకరికి జూదము కావచ్చును. పైగా కోలుకొన్నవి పెద్ద నాణేలు. 2017లోను 2021లోను వెలిగిన చిన్న నాణేలలో అనేకము తమ పాత ధరను మరల చూడనేలేదు.

నష్టమునకు, దానిని పూడ్చుటకు కావలసిన లాభమునకు మధ్య గల సంబంధము కూడా తెలిసికొనదగినది. లక్ష రూపాయలు 50 శాతము తగ్గి 50,000 అయినచో, మరల లక్ష కావలెనన్న 100 శాతము పెరుగవలెను. 80 శాతము తగ్గి 20,000 అయినచో 400 శాతము పెరుగవలెను. 90 శాతము తగ్గినచో 900 శాతము. నష్టము లోతు పెరిగిన కొద్దీ తిరిగి పైకి వచ్చుట అంతకు అనేక రెట్లు కష్టమగును. పెద్ద నష్టమును తప్పించుకొనుట పెద్ద లాభమును పొందుట కంటె ముఖ్యమని అనుభవజ్ఞులు చెప్పుటకు మూలము ఈ చిన్న గణితమే.

జాగ్రత్త అనుకొన్నవి కూలిన సందర్భములు

సాహసికులు నష్టపోవుట సహజమని లోకము అనుకొంటుంది. అయితే క్రిప్టోకరెన్సీ చరిత్రలో అతి పెద్ద దెబ్బలు కొన్ని జాగ్రత్తపరులకే తగిలినవి. ధర ఎల్లప్పుడును ఒక డాలరుగా ఉండునట్లు రూపొందించిన నాణేలను స్టేబుల్‌కాయిన్‌లు అంటారు. టెర్రా వ్యవస్థకు చెందిన యూఎస్‌టీ అట్టిదే. దాని వెనుక రొక్కము గాని, ప్రభుత్వ బాండ్లు గాని ప్రధాన ఆధారముగా లేవు. లూనా అను మరొక నాణెముతో మారకము చేసుకొను ఏర్పాటు మీదనే అది నిలబడినది. యాంకర్ అను పథకములో దానిని దాచుకొన్నవారికి ఏడాదికి దాదాపు 20 శాతము వడ్డీ చూపబడినది. ధర మారదు, వడ్డీ వస్తుంది అని నమ్మి చాలామంది తమ నిల్వ సొమ్మును అందులో ఉంచిరి. 2022 మేలో నమ్మకము సడలగానే యూఎస్‌టీ డాలరు నుండి జారినది. దానిని నిలుపుటకు లూనాను లెక్కలేనంతగా జారీ చేయుటతో, 80 డాలర్లకు పైన ఉన్న లూనా వారము రోజులలో దాదాపు సున్నకు చేరినది. దాని స్థాపకుడు డో క్వాన్ 2023లో మాంటెనెగ్రోలో పట్టుబడి, 2025 ఆగస్టులో అమెరికా న్యాయస్థానములో నేరము అంగీకరించెను.

2022 జూన్‌లో సెల్సియస్ అను సంస్థ ఖాతాదారుల ఉపసంహరణలను ఆపివేసి, జులైలో దివాలా ప్రకటించినది. అది కూడా నాణేలను తమ వద్ద ఉంచినవారికి వడ్డీ చెల్లించెదమని చెప్పిన సంస్థయే. రొక్కము, ప్రభుత్వ బాండ్లు ఆధారముగా గల యూఎస్‌డీసీ సైతము 2023 మార్చిలో కొద్దిరోజులు డాలరుకు 88 సెంట్ల వరకు పడినది. దాని నిల్వలలో 330 కోట్ల డాలర్లు అప్పుడే కూలిన సిలికాన్ వ్యాలీ బ్యాంకులో ఉండుటయే కారణము. ఆ బ్యాంకు డిపాజిట్లకు అమెరికా ప్రభుత్వము హామీ ఇచ్చిన తరువాత అది మరల యథాస్థితికి వచ్చినది. యూఎస్‌టీకి, యూఎస్‌డీసీకి పేరులో తేడా ఒకటి రెండు అక్షరములే. వెనుక ఉన్న ఆస్తిలో మాత్రము నేలకు, నీడకు ఉన్నంత తేడా ఉన్నది.

డిపాజిట్ల విషయములో తెలుగువారికి కూడా చేదు అనుభవము కలదు. 2001లో హైదరాబాదులోని కృషి సహకార పట్టణ బ్యాంకు కూలినప్పుడు సొమ్ము దాచుకొన్నవారు వీధులకెక్కిరి. అయినను బ్యాంకు డిపాజిట్లకు బీమా ఉన్నది. డిపాజిట్ బీమా సంస్థ ఇచ్చు హామీ ఒక్కొక్క ఖాతాదారునికి అప్పట్లో లక్ష రూపాయలు. 2020 ఫిబ్రవరి 4 నుండి ఐదు లక్షల రూపాయలకు పెంచబడినది. క్రిప్టోకరెన్సీకి ఇట్టి హామీ భారతదేశములో ఏదియు లేదు.

నాణెము ఎవరి చేతిలో ఉన్నది

ధర పడకపోయినను సొమ్ము పోవు మార్గము ఇంకొకటి ఉన్నది. నాణెము మీద హక్కు అనగా దాని రహస్య తాళపుచెవి మీద హక్కు. ఎక్స్చేంజిలో కొని అక్కడే వదిలిన నాణేల తాళపుచెవి ఆ సంస్థ వద్ద ఉండును. కొన్నవానికి ఉన్నది ఆ సంస్థ బాకీ పడిన లెక్క మాత్రమే. 2014 ఫిబ్రవరిలో టోక్యోలోని మౌంట్ గాక్స్ మూతబడినప్పుడు సుమారు 8.5 లక్షల బిట్‌కాయిన్‌లు కనబడలేదు. వాటిలో 2 లక్షలు తరువాత దొరికినవి. ఖాతాదారులకు చెల్లింపులు మొదలగుటకు పదేండ్లు పట్టినది. 2022 నవంబరు 11న ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసినది. ఖాతాదారుల సొమ్మును దారి మళ్ళించినందుకు దాని స్థాపకుడు శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్‌కు 2024 మార్చిలో 25 ఏండ్ల కారాగార శిక్ష పడినది.

భారతీయ ఖాతాదారులకు దగ్గరి ఉదాహరణ వజీర్‌ఎక్స్. 2024 జులై 18న ఈ ఎక్స్చేంజి వాలెట్ నుండి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువ గల నాణేలు దొంగిలింపబడినవి. వెంటనే ఉపసంహరణలు నిలిచిపోయినవి. సింగపూరు న్యాయస్థానములో పునర్వ్యవస్థీకరణ ప్రక్రియ నడిచి, 2025 అక్టోబరులో గాని వ్యాపారము తిరిగి మొదలు కాలేదు. ఈ పదిహేను నెలలలో బిట్‌కాయిన్ ధర బయట పెరిగిపోయినది. నాణెమును సరిగా ఎన్నుకొని, సరియైన సమయములో కొని, చోటు విషయములో మాత్రమే పొరబడినవారు కూడా దానిని అమ్ముకొనలేకపోయిరి. ఏడాది తరువాత, 2025 జులైలో కాయిన్‌డీసీఎక్స్ నుండి సుమారు 4.4 కోట్ల డాలర్లు పోయినప్పుడు ఆ నష్టము సంస్థ సొంత నిధులదని, ఖాతాదారుల నాణేలు వేరుగా ఉన్నవని సంస్థ ప్రకటించినది. ఖాతాదారుల సొమ్మును సంస్థ సొమ్ము నుండి వేరుగా ఉంచుట ఎంత ముఖ్యమో ఈ రెండు సంఘటనలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన తెలియును.

తాళపుచెవిని సొంతముగా దాచుకొనుట దీనికి విరుగుడు. ఇందుకు ఇంటర్నెట్టుతో సంబంధము లేని చిన్న పరికరములు దొరుకుచున్నవి. పరికరము పాడైనను నాణెమును తిరిగి పొందుటకు 12 గాని 24 గాని ఆంగ్ల పదముల వరుస ఒకటి ఇవ్వబడును. ఆ పదములను ఫోనులో ఫోటో తీసి ఉంచుట తాళమును, తాళపుచెవిని ఒకే గుమ్మమునకు వ్రేలాడదీయుట వంటిది. కాగితము మీద వ్రాసి పెట్టినచో ఆ కాగితము ఉన్నదన్న సంగతి ఇంటిలో మరొకరికి తెలిసి ఉండవలెను. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటారు, వారసులు ధృవపత్రము చూపి సొమ్ము తెచ్చుకొనవచ్చును. సొంత వాలెట్‌లోని నాణెమునకు ఆ సౌకర్యము లేదు. పదములు పోయిన నాణెమును ఏ న్యాయస్థానమును తెరిపింపలేదు.

భారతదేశములో చట్టము, పన్ను

భారతీయ రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న ఒక ఉత్తర్వు జారీ చేసి, క్రిప్టోకరెన్సీ వ్యాపారము చేయువారికి బ్యాంకులు సేవలు అందించరాదని ఆదేశించినది. సుప్రీంకోర్టు 2020 మార్చి 4న ఆ ఉత్తర్వును కొట్టివేసినది. దీనితో కొనుట, అమ్ముట నిషిద్ధము కాలేదు. కాని ఈ నాణేలు చట్టబద్ధమైన ద్రవ్యముగా గుర్తింపబడనూ లేదు. 2023 మార్చిలో ఎక్స్చేంజిలను మనీ లాండరింగ్ నిరోధక చట్టము పరిధిలోనికి తెచ్చిరి. అప్పటి నుండి భారతదేశములో పనిచేయు ఎక్స్చేంజి ఆర్థిక నిఘా విభాగములో నమోదు చేసుకొనవలెను. ఈ నమోదు ఉన్నంత మాత్రమున ఖాతాదారుల సొమ్మునకు ప్రభుత్వ హామీ ఉన్నట్లు కాదు. ప్రకటనలలో ఈ రెండింటిని కలిపి చెప్పుట కనిపించుచున్నది.

పన్ను నియమములు 2022 ఏప్రిల్ 1 నుండి మారినవి. వర్చువల్ డిజిటల్ ఆస్తుల మీద వచ్చిన లాభమునకు, ఆదాయపు స్థాయితో సంబంధము లేకుండ, 30 శాతము పన్ను, దాని మీద 4 శాతము సెస్సు విధింపబడినవి. ఏదైనా సర్‌ఛార్జి వర్తించనిచో మొత్తము 31.2 శాతము. కొన్న ధర తప్ప మరే ఖర్చును తగ్గించుకొనుటకు వీలులేదు. ఒక నాణెములో వచ్చిన నష్టమును మరొక నాణెపు లాభములో సర్దుటకు గాని, తరువాతి సంవత్సరమునకు తీసికొనిపోవుటకు గాని అనుమతి లేదు. 2022 జులై 1 నుండి, కొన్ని పరిమితులకు లోబడి, అమ్మకపు మొత్తము మీద 1 శాతము మూలములోనే కోయబడుచున్నది. ఇట్లు కోసినది పన్ను లెక్కలో జమ అగును గాని, రోజుకు పలుమార్లు కొని అమ్మువారి చేతిలోని రొక్కము త్వరగా తరిగిపోవును.

ఈ నియమముల ప్రభావము సాహస మార్గము మీద ఎక్కువ. పది చిన్న నాణేలు కొందము, తొమ్మిది పోయినను ఒక్కటి పదింతలైన చాలును అన్న ఆలోచన యువకులలో బాగా వ్యాపించినది. లెక్క చూతము. ఒకడు పది నాణేలలో ఒక్కొక్కదానిలో 10,000 చొప్పున లక్ష రూపాయలు పెట్టెననుకొందము. ఎనిమిది సున్న అయినవి. ఒకటి ఉన్న ధరలోనే ఉన్నది. ఒకటి పదింతలై లక్ష రూపాయలైనది. అన్నియు అమ్మగా చేతికి 1,10,000 రూపాయలు వచ్చినవి, పైకి పదివేలు లాభము. కాని ఎనిమిది నాణేల నష్టమును చట్టము లెక్కించదు. పదింతలైన నాణెము మీది 90,000 రూపాయల లాభమునకు 31.2 శాతము చొప్పున 28,080 రూపాయలు పన్ను. మిగిలినది 81,920. ఊహించినట్లే ఒక నాణెము పదింతలైనను మనిషి 18,080 రూపాయలు నష్టపోయినాడు. ఒకటి రెండు పెద్ద నాణేలను కొని ఏండ్ల తరబడి ఉంచుకొన్నవానికి ఈ ఇబ్బంది తక్కువ. అమ్మినప్పుడు ఒకేసారి పన్ను కట్టును, వదులుకొన్న నష్టములు ఉండవు.

అప్పు తెచ్చి పెట్టుట

పల్లెలలో అప్పు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి దొరకుట సాధారణము. ఏడాదికి ఇది 24 శాతము. లక్ష రూపాయలు ఇట్లు తెచ్చి నాణెము కొన్నచో ఏడాది చివర వడ్డీ 24,000 రూపాయలు. వడ్డీని ఖర్చుగా చూపుటకు చట్టము ఒప్పుకొనదు. పన్ను పోను 24,000 మిగులవలెనన్న లాభము సుమారు 34,900 రూపాయలు రావలెను. అనగా నాణెము ఏడాదిలో దాదాపు 35 శాతము పెరిగినను ఆ మనిషికి దక్కునది ఏమియు లేదు. పెరుగక నిలిచినచో 24,000 నష్టము. 2022 వంటి ఏడాది వచ్చినచో నాణెమూ పోవును, నోటు మీద అప్పూ మిగులును. మిరపకు తెచ్చిన అప్పును కొందరు పంటకు ముందు కొద్దివారములు నాణేలలో త్రిప్పుటకు ప్రయత్నించుట ఇంకొక రకము. విత్తుటకు అదను తప్పినచో ఆ లెక్కలో నాణెపు నష్టముతో పాటు పంట నష్టమును కూడా కలుపవలసి ఉండును.

మోసపు పథకములు

నష్టభయము వేరు, మోసము వేరు. ధర పడి పోయిన సొమ్ము మొదటిది. మొదటి నుండి పెట్టుబడి అన్నదే లేని పథకములో పోయినది రెండవది. అయితే మోసపు పథకము ఎప్పుడును సాహస మార్గపు వేషములో రాదు. నెలనెలా నిశ్చితమైన ఆదాయము అనుచు జాగ్రత్తపరుని వేషములోనే వచ్చును. అమిత్ భరద్వాజ్ నడిపిన గెయిన్‌బిట్‌కాయిన్ పథకము నెలకు 10 శాతము చొప్పున 18 నెలలు చెల్లించెదమని చెప్పినది. ఆ తరువాత బిట్‌కాయిన్‌లకు బదులు తామే సృష్టించిన విలువ లేని నాణెమును ఖాతాదారులకు అంటగట్టినది. బిట్‌కనెక్ట్ అను మరొక పథకము 2018 జనవరిలో మూతబడినది. 2023 జులైలో హైదరాబాదు పోలీసులు వెల్లడించిన ఒక కేసులో ఇంటి వద్ద నుండి పని అని నమ్మించి వసూలు చేసిన 712 కోట్ల రూపాయలలో కొంత భాగమును క్రిప్టోకరెన్సీగా మార్చి విదేశములకు తరలించినట్లు తేలినది. ఇక్కడ నష్టపోయినవారిలో అనేకులకు తాము క్రిప్టోకరెన్సీ జోలికి పోయినట్లు కూడా తెలియదు.

వీటి స్వరూపము తెలుగు జిల్లాలకు పాతదే. విజయవాడ కేంద్రముగా నడిచిన అగ్రిగోల్డ్ సంస్థ పలు రాష్ట్రములలో సుమారు 32 లక్షల ఖాతాల నుండి 6,000 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసి, 2014-15 నాటికి చెల్లింపులు నిలిపివేసినది. స్థలము ఇచ్చెదమనియో, అధిక మొత్తము తిరిగి ఇచ్చెదమనియో చెప్పి, ఊరిలో తెలిసినవారినే ఏజెంట్లుగా పెట్టుకొనుట ఆ సంస్థ పద్ధతి. సంస్థ కూలినప్పుడు గడప ముందు నిలిచి అడిగించుకొన్నది ఆ ఏజెంట్లే. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 10,000 రూపాయల లోపు డిపాజిట్‌దారులకు, 2021 ఆగస్టులో 20,000 రూపాయల లోపు వారికి సొమ్ము చెల్లించినది. అగ్రిగోల్డ్ విషయములో జప్తు చేయుటకు భూములు, భవనములు ఉన్నవి. విదేశీ వాలెట్‌కు పోయిన నాణెము విషయములో అట్టిది ఏదియు చిక్కుట అరుదు. మోసము జరిగిన వెంటనే జాతీయ సైబర్ నేరముల సహాయ సంఖ్య 1930కి తెలిపినచో, సొమ్ము బ్యాంకు ఖాతాలలో ఉన్నంత వరకు ఆపుటకు కొంత వీలున్నది. నాణెముగా మారిన తరువాత ఆ అవకాశము చాలా తగ్గును.

ఎంత భాగము పెట్టవచ్చును

ఈ ప్రశ్నకు అందరికీ సరిపడు అంకె లేదు. అయినను లెక్కించు పద్ధతి ఒకటి ఉన్నది. పెట్టిన సొమ్ము పూర్తిగా పోయినచో ఇంటిలో ఏమి ఆగిపోవును అని మొదట అడుగవలెను. చదువు, వైద్యము, విత్తనము, బాకీ, వీటిలో ఏదైనను ఆగిపోవునట్లయితే ఆ సొమ్ము నాణేలకు తగినది కాదు. ఉన్న నిల్వలో 5 శాతము నాణేలలో పెట్టి, అది 80 శాతము పడినచో మొత్తము నిల్వలో తగ్గునది 4 శాతమే. ఏడాది బ్యాంకు వడ్డీతో ఇది చాలా వరకు పూడును. 50 శాతము పెట్టినచో అదే పతనము మొత్తములో 40 శాతమును తీసికొనిపోవును. దానిని పూడ్చుటకు మిగిలినది 67 శాతము పెరుగవలెను.

నెలకు కొంత చొప్పున కొనుట వలన శిఖరము మీద అంతయు కొనివేయు ప్రమాదము తగ్గును. ధర తగ్గిన నెలలో ఎక్కువ నాణెము, పెరిగిన నెలలో తక్కువ నాణెము వచ్చును. అయితే ఈ పద్ధతి మరల కోలుకొను నాణెమునకే పనికివచ్చును. సున్నకు పోవుచున్న లూనా వంటి దానిని నెలనెలా కొనుట నష్టమును వాయిదాలలో కొనుటయే అగును. నాణెపు ధర పెరిగి 5 శాతము 15 శాతమైనప్పుడు అదనపు భాగమును అమ్మి తిరిగి బ్యాంకుకు చేర్చుట జాగ్రత్త మార్గములో అతి కష్టమైన భాగము. పెరుగుచున్న దానిని అమ్ముటకు మనసు ఒప్పదు. యార్డుకు తీసికొనిపోయిన బస్తాలను ఇంకొక వారము ఆగుదమని కోల్డ్ స్టోరేజికి మళ్ళించిన రైతులకు ఈ బాధ తెలియును.

డిజిటల్ రూపాయి

రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సాధారణ ప్రజల వాడుకకు ప్రయోగాత్మకముగా విడుదల చేసిన డిజిటల్ రూపాయిని కొందరు క్రిప్టోకరెన్సీగా భావించుచున్నారు. ఇది రిజర్వు బ్యాంకు స్వయముగా జారీ చేయు ద్రవ్యము. దీని విలువ ఎల్లప్పుడును కాగితపు రూపాయితో సమానము. దీనిపై వడ్డీ రాదు, ధర పెరుగదు, తరుగదు. డిజిటల్ రూపాయిలో పెట్టుబడి పెట్టిన రెట్టింపగునని ఎవరైనను చెప్పినచో అది పైన చెప్పిన మోసపు పథకముల కోవకే చెందును.